పెళ్లిళ్లు ఆపినంత మాత్రాన పిల్లల నొప్పి ఆగదు

ముహూర్తాలు మొదలయ్యాయంటే అన్నవరంలో కాలు పెట్టే సందుండదు. రత్నగిరి మీద ఒకే లగ్నానికి ఎన్నో జంటలు పీటలెక్కుతాయి. కొత్తగా పెళ్లయినవాళ్లు సత్యనారాయణ వ్రతానికి బారులు తీరతారు. సత్రాల వరండాల్లో రెండు వైపుల పెద్దలు కూర్చుని గోత్రాలు, నక్షత్రాలు, పెట్టుపోతలు మాట్లాడుకుంటారు. ఇలాంటి చోట సికిల్ సెల్ జబ్బు ప్రస్తావన వస్తే పెళ్లి మాటే ముందు రావడం సహజం. జాతకాలు చూసినట్టే రక్తపరీక్ష కార్డులు కూడా చూసుకోండి, ఇద్దరిలోనూ ఆ లక్షణం ఉంటే సంబంధం వదులుకోండి, ఒక తరం గడిచేసరికి జబ్బే ఉండదు అని చెబుతారు. చదువుకున్నవాళ్లు చెబుతారు, అధికారులు చెబుతారు, గిరిజనుల మేలు నిజంగా కోరేవాళ్లూ చెబుతారు.

ఆ మాట వెనక ఇంకో మాట ఉంది. దాన్ని సభల్లో అనరు, ఆసుపత్రి వరండాల్లో అంటారు. ఇప్పటికే పుట్టిన పిల్లలకు చేయగలిగిందేమీ లేదట. నొప్పి వస్తే సెలైన్ పెట్టాలి, ఇంజెక్షన్ చేయాలి, తగ్గాక పంపాలి, మళ్లీ వస్తే మళ్లీ అదే. ఈ పనికి ప్రత్యేకంగా నేర్చుకోవాల్సింది ఏముంటుంది, ఏ నర్సయినా చేస్తుంది అనే అభిప్రాయం పాతుకుపోయింది. పరీక్ష కిట్లకు డబ్బు దొరుకుతుంది, శిబిరాలకు దొరుకుతుంది, గోడల మీద బొమ్మలకూ దొరుకుతుంది. పిల్లల వార్డులో ఇంకో నర్సు కావాలంటే మాత్రం దొరకదు.

ఈ అభిప్రాయం తప్పు. పిల్లల ప్రాణాలు తీసేంత తప్పు.

అన్నవరం వెనక శంఖవరం దాటితే కొండలు మొదలవుతాయి. వాటి అవతల రాజవొమ్మంగి, అడ్డతీగల, ఇంకా లోపలికి రంపచోడవరం, మారేడుమిల్లి. కొండరెడ్లు, కోయదొరలు, కొండకమ్మరులు, వాల్మీకులు ఉండే ఏజెన్సీ అది. తరతరాలుగా మలేరియా పీడించిన నేల. సికిల్ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే సంక్రమిస్తే, అంటే లక్షణం మాత్రమే ఉంటే, ఆ బిడ్డకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. ఆఫ్రికాలో ఆంథొనీ ఆలిసన్ 1954లో ఈ సంగతి రుజువు చేశాడు. అందుకే మలేరియా ఉన్న నేలల్లో ఈ జన్యువు నిలిచిపోయింది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం బిడ్డకు జబ్బు. హీమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల, ఆక్సిజన్ తగ్గినప్పుడు ఎర్రకణం గుండ్రదనం పోయి కొడవలిలా వంకర తిరుగుతుంది, గట్టిపడుతుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. రక్తం అందని ఎముక, ఊపిరితిత్తి, ప్లీహం, మెదడు దెబ్బతింటాయి.

ముందు పెళ్లిళ్ల వాదన సంగతి చూద్దాం. లెక్క వరకు అది సరైనదే. లక్షణం ఉన్న ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కాదనేవాళ్లు లేరు. కానీ కార్డు చేతికిస్తే మనుషులు ఎలా నడుచుకుంటారన్నది వేరే లెక్క. దాన్ని గ్రీసు దేశం ముందే చేసి చూసింది. ఆర్ఖోమెనోస్ అనే ఊళ్లో సికిల్ లక్షణం చాలామందిలో ఉండేది. ఊరందరికీ పరీక్షలు చేసి, ఎవరికి లక్షణం ఉందో చెప్పి, మీలో మీరు పెళ్లి చేసుకోకండని సలహా ఇచ్చారు. అక్కడా పెద్దలు కుదిర్చే పెళ్లిళ్లే. కొన్నేళ్ల తర్వాత జార్జి స్టమటోయనోపులోస్ వెళ్లి చూస్తే, లక్షణం ఉన్నవాళ్ల మధ్య పెళ్లిళ్లు పరీక్షలు లేకపోతే ఎన్ని జరిగేవో అన్నీ జరిగాయి. కార్డు వల్ల తగ్గింది ఏమీ లేదు. లక్షణం ఉందని తెలిస్తే మంచి సంబంధాలు తప్పిపోతాయని కొందరు దాచిపెట్టారు. ఏ ఆరోగ్య సమస్యా లేని మనుషులు ఊళ్లో తలవంచుకు తిరగాల్సి వచ్చింది. 1970ల్లో అచ్చయిన ఈ ఫలితాలు ఇప్పటికీ జన్యు సలహా నేర్పే చోట పాఠంగా చెబుతారు. మేనరికం ఇంకా బలంగా ఉన్న మన ఇళ్లలో, ఆడపిల్లకు చిన్న మచ్చ ఉన్నా సంబంధం తప్పిపోయే మన ఊళ్లలో ఇలా జరగదని ఎవరు హామీ ఇవ్వగలరు? రక్తపరీక్ష చేయించుకున్న పాపానికి కొండ మీది ఆడపిల్ల పెళ్లి ఆగిపోతే, దాని బరువు మోసేది శిబిరం పెట్టిన శాఖ కాదు, ఆ పిల్లే.

పరీక్షలు వద్దని నేననను. పుట్టిన బిడ్డకు మొదటి నెలల్లోనే పరీక్ష జరగాలి, ఎందుకు జరగాలో కింద చెబుతాను. పరీక్షనే వైద్యంగా చూపించడాన్ని మాత్రం ఒప్పుకోను. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రధాని ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2047 నాటికి జబ్బును లేకుండా చేస్తామంటోంది. ఏడు కోట్ల మందికి పరీక్షలు దాని లక్ష్యం. 2025 మధ్యకల్లా ఆరు కోట్ల మంది పరీక్షలు పూర్తయ్యాయి, జబ్బు ఉన్నట్టు తేలినవాళ్లు రెండు లక్షలు దాటారు. ఈ రెండు లక్షల మందికి 2047 ఏం చేస్తుంది? వీళ్లు పుట్టేశారు. వీళ్లలో ఎంతోమంది పిల్లలు. పదేళ్ల పిల్లాడికి ఈ రాత్రి తొడ ఎముకలో పోటు మొదలైతే వాడికి కావాల్సింది ఈ రాత్రి దొరికే వైద్యం.

ఇక అసలు చోటికి వద్దాం. పిల్లల వార్డులో ఈ జబ్బు గురించి ఎక్కువగా వినబడే మాట 'నాటకం'. కొంచెం సౌమ్యంగా అనేవాళ్లు 'మారాం' అంటారు, 'సూదికి అలవాటు పడ్డాడు' అంటారు. ఈ పిల్లలు నెలకో రెండు నెలలకో వస్తారు. ఏ మందు వేస్తే తగ్గుతుందో వాళ్లకు తెలుసు, పేరు కూడా చెబుతారు. ఏడ్చిన పిల్లాడే కాసేపటికి తల్లి ఫోన్‌లో బొమ్మలు చూస్తూ పడుకుంటాడు. ఇదంతా చూసి, నిజంగా నొప్పి ఉంటే ఇలా ఉంటాడా అని అడుగుతారు. ఉంటాడు. పుట్టిన ఏడాది నుంచి నొప్పితో బతుకుతున్న పిల్లలు దాని నుంచి మనసు మళ్లించుకోవడం తమంతట తామే నేర్చుకుంటారు. ఫోన్ చూస్తున్నాడంటే తనకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం వాడుకుంటున్నాడని అర్థం. మందు పేరు చెబుతున్నాడంటే ఆ మందు ఎన్నిసార్లు అవసరమైందో లెక్క వేసుకోవాలి.

ఇదే సమాజం కొండవాళ్ల గురించి ఇంకో మాట కూడా అంటుంది. వాళ్లు మొండివాళ్లు, నొప్పి తెలియదు, ఎంతైనా ఓర్చుకుంటారని. కొండ మీద నొప్పి తెలియని జాతి, వార్డులోకి రాగానే లేని నొప్పిని నటించే జాతి ఎలా అవుతుంది? ఈ రెండు మాటలకూ ఆధారం ఒక్కటే. ఆ పిల్లాడు చెప్పేదాన్ని మనం నమ్మం. ఈ అపనమ్మకం మన దగ్గరే పుట్టిన జబ్బు కూడా కాదు. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం 2016లో తెల్లజాతి వైద్య విద్యార్థులను, జూనియర్ డాక్టర్లను అడిగితే, నల్లవాళ్ల చర్మం మందంగా ఉంటుందనడం లాంటి అబద్ధాల్లో ఏదో ఒకటైనా నిజమని నమ్మినవాళ్లు సగం మంది తేలారు. అలా నమ్మినవాళ్లు నల్లవాళ్ల నొప్పిని తక్కువగా అంచనా వేశారు. లండన్‌లో 2019లో 21 ఏళ్ల సికిల్ సెల్ రోగి ఒకరు ఆసుపత్రి మంచం మీద నుంచే అత్యవసర నంబరుకు ఫోన్ చేసి ఆక్సిజన్ కావాలని అడిగాడు. వార్డులో సాయం అందకే అలా చేశాడు. తర్వాత చనిపోయాడు. అతని మృతిపై జరిగిన విచారణ తర్వాత 2021లో బ్రిటన్ పార్లమెంటు సభ్యులు ఇచ్చిన నివేదిక పేరే 'ఎవరూ వినడం లేదు'. అంత సంపన్న దేశంలో, అన్ని యంత్రాలున్న ఆసుపత్రిలో ఆ యువకుడికి కరువైంది, తన మాట నమ్మి, జబ్బు తెలిసి కదిలే మనిషి.

నొప్పిని కొలవడం నేర్చుకోవాల్సిన విద్య. ఆరు నెలలు దాటిన పసిబిడ్డకు ఈ జబ్బు తొలిసారి తరచుగా వేళ్లలో బయటపడుతుంది. అరచేతులు, పాదాలు వాచిపోతాయి, ముట్టుకుంటే బిడ్డ కేకలు పెడుతుంది. నోరు లేని ఆ బిడ్డ నొప్పిని ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఊరుకోబెడితే ఊరుకోవడం అనే ఐదు గుర్తులతో పదికి ఇంత అని లెక్క కట్టే పద్ధతి ఉంది. మూడేళ్లు దాటిన పిల్లలకు నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఆరు బొమ్మలు చూపించి, నీ నొప్పి ఏ బొమ్మలా ఉందని అడిగే పద్ధతి ఇంకోటి. ప్రపంచమంతా వాడే ఈ బొమ్మలను 1980ల్లో అమెరికాలో తయారుచేసిన ఇద్దరిలో ఒకరు డోనా వాంగ్, పిల్లల నర్సు. కోయ మాత్రమే వచ్చిన పిల్లాడికి, మైదానం వాళ్ల తెలుగు సగమే అర్థమయ్యే పిల్లకు కూడా ఆ బొమ్మ మీద వేలు పెట్టడం వచ్చు. ఒక కాగితం ముక్క చాలు. కానీ ఆ కాగితం చేతపట్టుకుని మంచం దగ్గర రెండు నిమిషాలు నిలబడే మనిషి ఉండాలి, అరగంట తర్వాత మళ్లీ వచ్చి అడగాలి.

అరగంట అని ఊరికే అనడం లేదు. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం సికిల్ నొప్పితో వచ్చినవాళ్లకు 30 నిమిషాల్లో మందు పడాలి. అమెరికా రక్తవైద్యుల సంఘం 2020లో గంట గడువు పెట్టి, ఆ తర్వాత అరగంటకో గంటకో మళ్లీ నొప్పి కొలవమంది. మన వార్డుల్లో ఆ గడియారం ఎక్కడ మొదలవుతుంది? ఓపీ చీటీ, క్యాజువాలిటీ, కేస్ షీట్, ఇండెంట్, డ్యూటీ డాక్టరు రౌండు. 'సిస్టరమ్మా, పిల్లాడు తట్టుకోలేకపోతన్నాడు' అని తల్లి మూడోసారి వచ్చి అడిగితే విసుక్కుంటారు. మార్ఫిన్ అంటే భయం ఇంకా పోలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించి, వైద్యానికి మార్ఫిన్ అందే దారి సులువు చేశారు. చట్టం సడలినా, పిల్లలు బానిసలవుతారన్న భయం అలాగే ఉంది. ఎముకకు రక్తం ఆగి పుట్టిన నొప్పికి సరైన మోతాదు ఇస్తూ, శ్వాసను, మగతను కనిపెడుతూ ఉంటే ఆ ప్రమాదం చాలా తక్కువ. కనిపెట్టడం మళ్లీ నర్సు పనే. డాక్టరు ముందే సంతకం పెట్టిన రాతపూర్వక ఆదేశం ఉంటే, నేర్చిన నర్సు ఆ అరగంటను కాపాడగలదు. అలాంటి ఆదేశం ఉండటానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

'చేయగలిగింది ఏమీ లేదు' అనేవాళ్లకు నేనడిగేది ఒకటే, ఈ కింది లెక్కలు చదివాక కూడా ఆ మాట అనగలరా అని.

1986లో అమెరికాలో మూడేళ్లలోపు సికిల్ పిల్లల మీద జరిగిన పరీక్ష అచ్చయింది. 105 మందికి రోజుకు రెండు పూటలా పెన్సిలిన్ ఇచ్చారు, 110 మందికి మందు లేని బిళ్లలిచ్చారు. పెన్సిలిన్ తీసుకున్న వాళ్లలో ఇద్దరికి, తీసుకోని వాళ్లలో 13 మందికి న్యుమోకాకస్ సూక్ష్మజీవి రక్తంలోకి పాకింది. ముగ్గురు చనిపోయారు, ముగ్గురూ మందు లేని గుంపులోని పిల్లలే. తేడా అంత స్పష్టంగా ఉండటంతో ఎనిమిది నెలలు ముందే పరీక్ష ఆపేశారు. పుట్టిన వెంటనే రక్తపరీక్ష కావాలని నేను అడిగేది ఇందుకు. బిడ్డకు జబ్బుందని నాలుగు నెలల్లోపు తెలిస్తే ఆ చవక మందు మొదలుపెట్టవచ్చు. అప్పుడు కార్డు పెళ్లికి కాకుండా ప్రాణానికి పనికొస్తుంది. అయితే మందు రాయడంతో పని తీరదు. జ్వరం లేని బిడ్డకు ఐదేళ్ల దాకా రోజూ రెండు పూటలా మందు ఎందుకు పొయ్యాలో తల్లికి నమ్మకం కలిగేలా చెప్పాలి. ఓపీలో డాక్టరుకు ఉన్న మూడు నిమిషాల్లో అది కుదరదు. డిశ్చార్జి రోజున తల్లి పక్కన కూర్చుని చెప్పేది నర్సే.

జమైకాలో జరిగింది ఇంకా ఆశ్చర్యం. సికిల్ పిల్లల్లో ఉన్నట్టుండి రక్తమంతా ప్లీహంలోకి చేరిపోయే ప్రమాదం ఒకటి ఉంది. పొట్ట ఉబ్బుతుంది, బిడ్డ పాలిపోతుంది, గంటల్లో ప్రాణం పోవచ్చు. గ్రాహం సర్జెంట్ నడిపిన కేంద్రంలో తల్లులకు రోజూ బిడ్డ ఎడమ డొక్క కింద చేత్తో తడిమి ప్లీహం పెరిగిందో లేదో చూడటం నేర్పారు. అంతకుముందు ఇలా వచ్చిన ప్రతి వంద సందర్భాల్లో 29 మంది బిడ్డలు పోయేవారు. నేర్పాక ముగ్గురు. కొత్త మందు రాలేదు, యంత్రం రాలేదు. తల్లి చెయ్యి చదువుకుంది. అక్కడి తల్లులు నేర్చుకున్నది మారేడుమిల్లి తల్లి నేర్చుకోలేదా? డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకురావాల్సిన గూడెంలో ఉండే తల్లికి గంట ముందు తెలియడం కన్నా పెద్ద వైద్యం ఏముంది?

మూడో లెక్క ఊపిరితిత్తులది. ఛాతీలో, వెన్నులో పోటుతో చేరిన పిల్లలు గట్టిగా ఊపిరి తీస్తే నొప్పి అని పైపైన పీలుస్తారు. అడుగున ఉన్న ఊపిరితిత్తి ముడుచుకుంటుంది, నిమ్ము చేరుతుంది, సికిల్ పిల్లలను చంపే పెద్ద కారణాల్లో అదొకటి. 1995లో అచ్చయిన అధ్యయనంలో, ఇలా చేరిన పిల్లల చేత మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి పదేసి సార్లు ఊపిరి కసరత్తు గొట్టంతో లోతుగా పీల్పించారు. చేయించిన 19 సార్లలో ఒక్కసారే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. చేయించని 19 సార్లలో ఎనిమిది సార్లు. మూడు బంతులుండే ఆ ప్లాస్టిక్ గొట్టం మన మందుల షాపుల్లో దొరుకుతుంది. నొప్పితో మూలిగే పిల్లాడి చేత రెండు గంటలకోసారి పదిసార్లు బంతి లేపించడం మాత్రం షాపులో దొరకదు. దానికి వాడి పేరు తెలియాలి, వాడికేం ఇష్టమో తెలియాలి, ముందు నొప్పి తగ్గించి తర్వాత పీల్పించాలని తెలియాలి. బతిమాలాలి, పందెం కట్టాలి, గెలిపించాలి.

ఇంకా చిన్నవి ఉన్నాయి. వాచిన చోట ఐసు పెట్టకూడదు, వెచ్చటి గుడ్డ కాపడం పెట్టాలి. చలి తగిలితే నాళాలు ముడుచుకుని పోటు పెరుగుతుంది. సెలైన్ అవసరానికి మించితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, ఎంత పోయిందో ఎంత వచ్చిందో రాయాలి. 101 దాటిన జ్వరం ఈ బిడ్డకు మామూలు జ్వరం కాదు, తెల్లారేదాకా ఆగకూడదు. మాట తడబడినా, ఒక చెయ్యి పట్టు తప్పినా పక్షవాతమేమో అని అప్పటికప్పుడు డాక్టరును లేపాలి. ఇవన్నీ ఎవరో ఒకరు మంచం పక్కన ఉంటేనే కనిపిస్తాయి. నొప్పుల దాడిని తగ్గించే హైడ్రాక్సీయూరియా మన దేశంలోనే చవగ్గా తయారవుతోంది. అది కూడా నెలనెలా రక్తకణాల లెక్క చూస్తూ, మానకుండా వేయిస్తేనే పనిచేస్తుంది. గైర్హాజరైన పిల్లాడి ఊరికి ఫోన్ చేసేవాళ్లు లేకపోతే సీసా గూట్లోనే ఉంటుంది.

ఇన్ని పనులు చేయాల్సిన నర్సుకు మనం ఇచ్చిందేమిటి? భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలి. ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రాత్రి గడిపిన ఎవరికైనా ఆ అంకె ఎంత దూరంలో ఉందో తెలుసు. వార్డు మొత్తానికీ ఒకే సిస్టర్ పరుగెత్తే రాత్రుళ్లు కొత్త కాదు. అందుకే 'నాటకం' అనే మాట విన్నప్పుడు నాకు ఆ నర్సు మీద కోపం రాదు. నలభై మంది పిల్లల మధ్య ఒక్కత్తే నిలబడ్డ మనిషి, తాను తీర్చలేని నొప్పిని నమ్మకుండా ఉంటేనే ఆ రాత్రి గడపగలదు. కోపం రావాల్సింది ఆమెను అక్కడ ఒంటరిగా నిలబెట్టిన లెక్కల మీద. పైగా పిల్లల వార్డులో రెండేళ్లు చేసి, ఈ జబ్బు ఆనుపానులు తెలుసుకున్న నర్సును రొటేషన్ పేరుతో ఆర్థోకో సర్జరీకో పంపేస్తారు. కాంట్రాక్టు నర్సయితే గడువు తీరగానే ఇంటికి. నేర్చుకున్నదంతా ఆమెతోనే వెళ్లిపోతుంది. మర్నాడు వచ్చిన కొత్తమ్మాయికి తల్లులే పాఠం చెప్పుకోవాలి.

నర్సును నమ్మి బాధ్యత ఇస్తే ఏమవుతుందో చూపించిన మనిషి ఉంది. ఎలిజబెత్ అనియోన్వు. 1979లో లండన్‌లోని బ్రెంట్‌లో రక్తవైద్యురాలు మిలికా బ్రొజొవిచ్‌తో కలిసి బ్రిటన్‌లో తొలి సికిల్ సెల్, తలసీమియా సలహా కేంద్రాన్ని ప్రారంభించింది. ఆ దేశంలో ఈ జబ్బుకు తొలి ప్రత్యేక నర్సు ఆమే. ఇళ్లకు వెళ్లింది, తల్లులకు నేర్పింది, తోటి నర్సులకు నేర్పింది. తర్వాత ఆ నమూనాలోనే ఇంకెన్నో కేంద్రాలు వెలిశాయి. 2017లో ఆ దేశం ఆమెకు డేమ్ బిరుదు ఇచ్చింది. మన దగ్గర తెలివైన నర్సులు లేకనా? కేరళ తర్వాత దేశ విదేశాల్లో నర్సింగ్ చేస్తున్న తెలుగు అమ్మాయిలు ఎంతమంది లేరు? వాళ్లకు ఇక్కడ 'ఈ జబ్బు నీ చేతిలో పెడుతున్నాం' అని చెప్పే పోస్టు లేదు.

డబ్బు లేదంటారు. ఈ జబ్బున్నవాళ్లకు మన రాష్ట్రం నెలకు పది వేల పింఛను ఇస్తోంది, 2016 నాటి చట్టం దీన్ని వైకల్యంగా గుర్తించింది. మంచి పనులు. అంటే ఈ పిల్లలు ప్రభుత్వానికి కనబడుతున్నారు. 2023 డిసెంబరులో అమెరికా అనుమతించిన జన్యు చికిత్స ఒకటి మనిషికి 22 లక్షల డాలర్లు. దాని గురించి మన పత్రికల్లో ఎంత ఆశతో రాశారో చదివాను. ఆ ఒక్క చికిత్స ఖర్చుతో ఏజెన్సీ పిల్లలు చేరే ప్రతి ఆసుపత్రిలో పిల్లల నర్సులను ఏళ్ల తరబడి పోషించవచ్చు. ఇది జన్యు చికిత్స వద్దనడం కాదు. అది మన గూడేలకు వచ్చేదాకా బతికి ఉండాల్సిన పిల్లల గురించి మాట్లాడటం.

కావాల్సినవి పెద్ద కోరికలు కావు. రంపచోడవరం, తుని, కాకినాడ, రాజమహేంద్రవరం లాంటి చోట్ల, కొండ పిల్లలు వచ్చి చేరే ప్రతి పిల్లల వార్డులో మూడు షిఫ్టులకూ సికిల్ సెల్‌లో శిక్షణ పొందిన నర్సు ఉండాలి. ఆమెను కనీసం ఐదేళ్లు కదపకూడదు. అరగంటలో నొప్పి మందు పడేలా రాతపూర్వక ఆదేశం గోడకు ఉండాలి, ఎన్ని నిమిషాలకు మందు పడిందో కేస్ షీట్‌లో రాయాలి, నెలాఖరుకు సూపరింటెండెంట్ ఆ నిమిషాలు చూడాలి. డిశ్చార్జి అయ్యే ప్రతి తల్లికి ప్లీహం తడిమి చూడటం నేర్పించి, చేసి చూపించాకే ఇంటికి పంపాలి. రాత్రి రెండింటికి కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు ఆమె చేతిలో ఉండాలి. పరీక్షల మిషన్ లెక్కల్లో ఎందరికి కార్డులిచ్చారో రాసే గడి పక్కన, ఎందరు పిల్లలకు పెన్సిలిన్ ఆగకుండా అందుతోందో రాసే గడి కూడా పెట్టాలి.

కార్తీకం దాటితే ఏజెన్సీలో చలి దిగుతుంది, దాంతో నొప్పుల దాడులూ పెరుగుతాయి. ఆ పోస్టులకు జీవో ఈలోగానే రావాలి.